ట్రాక్టర్‌కి పవర్ స్టీరింగ్: మదనపల్లె చేలల్లో అది లగ్జరీనా, అవసరమా?

ఫోన్ కొనేటప్పుడు మనం చేసే రచ్చ అంతా ఇంతా కాదు. ప్రాసెసర్ ఏంటి, డిస్‌ప్లే 120 హెర్ట్జా కాదా, ఛార్జర్ బాక్స్‌లో ఇస్తున్నారా లేదా... ఇరవై వేల ఫోన్ కోసం ఇరవై వీడియోలు చూస్తాం. అదే ఇంట్లో ఆరేడు లక్షలు పోసి ట్రాక్టర్ కొంటుంటే మాత్రం అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని హెచ్‌పీ? డీజిల్ ఎంత తాగుతుంది? స్పెక్ షీట్‌లో మూడో పేజీలో ఎక్కడో “స్టీరింగ్: మెకానికల్ / పవర్ (ఆప్షనల్)” అని ఒక లైన్ ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. డీలర్ “పవర్ కావాలంటే కొంచెం ఎక్కువవుతుంది సార్” అనగానే “మనకెందుకులే, చేతులకి బలం ఉంది కదా” అనేసి మెకానికల్‌కే సంతకం పెట్టేస్తాం.

ఈ వ్యాసం ఆ ఒక్క లైన్ గురించే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు సేద్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: బాడుగకు తిరిగే ట్రాక్టర్‌కి, ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కి పవర్ స్టీరింగ్ లేకపోవడం తప్పుడు పొదుపు. సొంత పొలానికి మాత్రమే వాడే చిన్న టూ వీల్ డ్రైవ్ బండికి అది తప్పనిసరి కాదు, ఆ డబ్బుతో అంతకంటే మంచి పనులు చేయొచ్చు. హెచ్‌పీ చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు. రోజుకి ఎన్ని మలుపులు తిప్పుతారు, ముందు ఇరుసు మీద ఎంత బరువుంది, సీట్లో కూర్చునేది ఎవరు అనేవి చూసి తీసుకోవాలి.

స్టీరింగ్ అసలు ఎందుకు బరువవుతుంది?

బండి వేగంగా పోతున్నప్పుడు ఏ స్టీరింగైనా తేలిగ్గానే తిరుగుతుంది, ఎందుకంటే టైరు దొర్లుతూనే దిశ మార్చుకుంటుంది. నిలబడి ఉన్నప్పుడో, నడక వేగంతో పోతున్నప్పుడో తిప్పితే టైరు దొర్లదు, నేల మీద రుద్దుకుంటుంది. ఆ రాపిడిని గెలవాల్సింది మన చేతులు. ముందు ఇరుసు మీద బరువు పెరిగే కొద్దీ, టైరు వెడల్పయ్యే కొద్దీ, నేల మెత్తబడే కొద్దీ ఆ రాపిడి పెరుగుతుంది.

ట్రాక్టర్ బతుకంతా నడక వేగంలోనే. పైగా దుక్కి చేసిన ఎర్రమట్టిలో ముందు చక్రం నాలుగు వేళ్ల లోతు దిగిపోతుంది. తిప్పినప్పుడు అది పక్కనున్న మట్టిని కూడా తోసుకుంటూ పోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు ఇరుసులోనే గేర్లు, షాఫ్టులు ఉంటాయి, టైర్లు పెద్దవి. అందుకే టూ వీల్ కంటే ఆ స్టీరింగ్ ఎప్పుడూ బరువే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు వెనక రోటావేటర్ పైకి లేపుతాం కదా, అప్పుడు ముందు భాగం తేలికవుతుంది. “మరి స్టీరింగ్ కూడా తేలికవ్వాలి కదా?” అంటారా? అవుతుంది. కానీ మరీ తేలికైతే ముందు చక్రాలకి పట్టు దొరకదు, స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా జారిపోతుంది. అందుకే డ్రైవర్లు మలుపులో ఒక వైపు బ్రేక్ మాత్రమే తొక్కి బండిని గిరుక్కున తిప్పుతారు. ఆ జారుడు తగ్గించడానికి ముందు బంపర్ మీద ఇనుప బరువులు బిగిస్తారు. బరువులు బిగించగానే స్టీరింగ్ మళ్లీ బరువెక్కుతుంది. పట్టు కావాలంటే బరువు కావాలి, బరువు పెడితే చేతులు నొప్పి. ఈ ముడి విప్పడానికే పవర్ స్టీరింగ్ పుట్టింది.

లోపల ఏం జరుగుతుంది?

మెకానికల్ స్టీరింగ్‌లో మీ చేతికీ చక్రానికీ మధ్య ఉన్నదంతా ఇనుమే. స్టీరింగ్ రాడ్, గేర్ బాక్స్, డ్రాగ్ లింక్, టై రాడ్. గేర్ బాక్స్ మీ బలాన్ని కొన్ని రెట్లు చేస్తుంది, బదులుగా చక్రాన్ని ఎక్కువ చుట్లు తిప్పిస్తుంది. ఇందులో పంపు లేదు, ఆయిల్ గొట్టాలు లేవు. గ్రీజు కొట్టుకుంటూ పోతే ఏళ్ల తరబడి నడుస్తుంది.

కారులో చూసే పవర్ స్టీరింగ్ ఇప్పుడు ఎక్కువగా ఎలక్ట్రిక్. ఒక సెన్సార్ మీరు ఎంత బలంగా తిప్పుతున్నారో కొలుస్తుంది, మోటార్ మిగతా బలం అందిస్తుంది. ట్రాక్టర్లలో మాత్రం హైడ్రాలిక్ రాజ్యమే. చాలా ట్రాక్టర్లలో స్టీరింగ్ చక్రం కింద ఆర్బిట్రాల్ అనే చిన్న యూనిట్ ఉంటుంది. మీరు తిప్పేది ఇనుప రాడ్‌ని కాదు, ఆ యూనిట్‌ని. ఇంజిన్ నడిపే పంపు నుంచి వచ్చే ఆయిల్‌ని అది కొలిచి, ఎటు తిప్పితే అటువైపు సిలిండర్‌లోకి పంపుతుంది. సిలిండర్ చక్రాలని తోస్తుంది. చేతికీ చక్రానికీ మధ్య ఇనుప సంబంధమే ఉండదు, ఉండేది ఆయిలే.

దీనివల్ల రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది లాభం: ముందు చక్రం రాయికో గట్టుకో తగిలితే మెకానికల్‌లో స్టీరింగ్ ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. బొటనవేలు చక్రం లోపల పెట్టి పట్టుకుంటే వేలు విరిగే ప్రమాదం ఉంది. అందుకే పాత డ్రైవర్లు “వేలు బయట పెట్టుకో” అని కొత్తవాళ్లకి మొదటి రోజే చెబుతారు. ఆయిల్ మధ్యలో ఉంటే ఆ దెబ్బ చేతిదాకా రాదు. రాళ్లు తేలిన మన నేలలకి ఇది చిన్న విషయం కాదు. రెండోది జాగ్రత్త: ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. అప్పుడు కూడా చక్రం తిరుగుతుంది, ఎందుకంటే ఆర్బిట్రాల్ చేతి పంపులా పని చేస్తుంది. కానీ చాలా చాలా బరువుగా తిరుగుతుంది. దిగుడులో డీజిల్ మిగులుద్దని ఇంజిన్ ఆపేసే అలవాటు ఉన్నవాళ్లు పవర్ స్టీరింగ్ బండి ఎక్కితే ఆ అలవాటు వెంటనే మానుకోవాలి.

మంచు మీద కూడా ఇదే గొడవ

ఈ చర్చ మన ఒక్కరిదే కాదు. కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో మంచు మీద నడిపే స్నోమొబైల్ గురించి కూడా ఇదే వాదన ఏళ్లుగా నడిచింది. యమహా 2007 మోడల్ గ్రిజ్లీ 700 ఏటీవీకి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెట్టింది. తర్వాత 2011 మోడల్ అపెక్స్ స్నోమొబైల్‌కి కూడా అదే ఇచ్చింది. అప్పుడు కూడా జనం రెండుగా చీలిపోయారు. “ఇది సోమరులకి” అన్నవాళ్లు కొందరు, “సాయంత్రానికి భుజాలు నొప్పి లేవు” అన్నవాళ్లు కొందరు.

ఆ వాదనలో మనకి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. అపెక్స్‌లో ఉన్నది బరువైన నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. ఆ బరువు ముందున్న స్కీల మీద పడుతుంది. స్కీల కింద మంచుని కొరికి పట్టుకోవడానికి గట్టి లోహపు పట్టీలు ఉంటాయి. అవి ఎంత బాగా కొరికితే మలుపు అంత కచ్చితంగా వస్తుంది, హ్యాండిల్ అంత బరువెక్కుతుంది. అలాంటి బండికి పవర్ స్టీరింగ్ అర్థవంతం. కొండ మీద లోతైన మెత్తటి మంచులో తేలే తేలికపాటి టూ స్ట్రోక్ బండిని మాత్రం ఒళ్లు వంచి తిప్పుతారు, అక్కడ దాని అవసరం చాలా తక్కువ. అంటే మంచయినా మట్టయినా సూత్రం ఒకటే. ముందు బరువు, నేల పట్టు, తిప్పే సంఖ్య. ఈ మూడూ పెరిగితే పవర్ స్టీరింగ్ విలువ పెరుగుతుంది.

మలుపుల లెక్క వేద్దాం

ఇప్పుడు మన చేలకి వద్దాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, అంటే సుమారు రెండుంబావు ఎకరాలు. అది కూడా ఒకే చోట ఉండదు. అన్నదమ్ములు పంచుకుని, మధ్యలో గెనిమలు వేసి, పాతిక సెంట్లు ఒక మడి, ముప్పై సెంట్లు ఒక మడిగా విడిపోయి ఉంటుంది.

“చిన్న మళ్లే కదా, పెద్ద ఫీచర్లు ఎందుకు?” అన్నది మామూలు వాదన. లెక్క వేస్తే అది తలకిందులవుతుంది.

ఎకరా చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 209 అడుగులు. 5 అడుగుల రోటావేటర్‌తో దున్నితే 42 సాళ్లు, అంటే 41 మలుపులు. అదే ఎకరా 25 సెంట్ల చొప్పున నాలుగు మళ్లుగా ఉందనుకోండి. ఒక్కో మడి వైపు సుమారు 104 అడుగులు, 21 సాళ్లు, 20 మలుపులు. నాలుగు మళ్లకి 80. అంటే అదే ఎకరా, అదే రోటావేటర్, మలుపులు మాత్రం దాదాపు రెండింతలు.

బాడుగ ట్రాక్టర్ రోజుకి ఆరెకరాలు చేసిందనుకుందాం. పెద్ద మళ్లలో అయితే 246 మలుపులు. పాతిక సెంట్ల మళ్లలో అయితే 480. నేరుగా ఉన్న చక్రాన్ని ఒక వైపు పూర్తిగా తిప్పడానికి రెండు చుట్లు, మళ్లీ నేరుగా తేవడానికి రెండు చుట్లు అనుకుంటే, రోజుకి 1,920 చుట్లు. అది కూడా మెత్తటి దుక్కిలో, నడక వేగంలో, ఒక కాలు ఒక వైపు బ్రేక్ మీద పెట్టి.

చేను ఎంత చిన్నదైతే ఎకరాకి మలుపులు అంత ఎక్కువ. “మాది చిన్న సేద్యం” అన్న మాట పవర్ స్టీరింగ్‌కి వ్యతిరేకంగా వాడతాం కానీ, బాడుగ డ్రైవర్ వైపు నుంచి చూస్తే అదే దానికి పెద్ద సాక్ష్యం.

టమాటా విషయంలో ఇంకో కోణం ఉంది. బోదెలు తోలాలి, డ్రిప్ పైపు వేయాలి, మల్చింగ్ షీట్ పరచాలి. అన్నీ ఒకే గీత మీద రావాలి. ఒక బోదె వంకరపోతే ఆ వంకర పంట అయ్యేదాకా ఉంటుంది. తర్వాత కట్టెలు నాటి తీగలు కట్టినప్పుడు వరసల మధ్య చిన్న ట్రాక్టర్ పోవాలన్నా ఇబ్బందే. గీత నేరుగా రావాలంటే చక్రాన్ని క్షణక్షణం కొద్దికొద్దిగా సరిచేస్తూ ఉండాలి. అలసిన చేతులు ఆ చిన్న సవరణలు మానేస్తాయి, తర్వాత ఒకేసారి పెద్ద సవరణ చేస్తాయి. వంకర అక్కడే వస్తుంది. మామిడి తోటల్లో కిందికి వాలిన కొమ్మల మధ్య దున్నేటప్పుడు కూడా ఇదే కథ.

డబ్బు కట్టేది ఒకరు, నొప్పి పడేది ఇంకొకరు

నా దృష్టిలో అసలు సమస్య ఇది. ఫోన్ కొన్నవాడే ఫోన్ వాడతాడు, అందుకే నచ్చకపోతే గోల చేస్తాడు. బాడుగ ట్రాక్టర్ అలా కాదు. కొనేది యజమాని. షోరూంలో సిమెంట్ నేల మీద రెండు రౌండ్లు తిప్పి చూసేది కూడా ఆయనే. రోజంతా సీట్లో కూర్చునేది జీతానికి వచ్చిన డ్రైవర్. షోరూంలో ఆ డ్రైవర్‌ని ఎవరూ అడగరు. భుజం నొప్పి స్పెక్ షీట్‌లో రాదు, డీజిల్ బిల్లులో రాదు. అందుకే దానికి విలువ లేనట్టు కనిపిస్తుంది.

కానీ విలువ ఉంది. మధ్యాహ్నం తర్వాత పని నెమ్మదిస్తుంది. మలుపులు సరిగా రాక గెనిమ పక్కన రెండడుగులు దున్నకుండా మిగిలిపోతుంది. స్టీరింగ్‌తో అయ్యే మలుపుని కూడా బ్రేక్‌తో లాగడం మొదలవుతుంది, బ్రేక్ లైనింగ్ త్వరగా అరుగుతుంది. ముఖ్యంగా మంచి డ్రైవర్ ఇంకో ఊళ్లో తేలికైన బండి దొరికితే వెళ్లిపోతాడు. సీజన్‌లో నమ్మకమైన డ్రైవర్ దొరకడం ఎంత కష్టమో ట్రాక్టర్ ఉన్న ఏ ఇంట్లోనైనా అడగండి.

ఇప్పుడు రూపాయల్లో చూద్దాం. మెకానికల్‌కీ పవర్‌కీ తేడా లెక్క కోసం 25,000 అనుకుందాం, మీ డీలర్ చెప్పే అంకె ఇక్కడ పెట్టుకోండి. బాడుగ బండి ఏడాదికి 800 గంటలు, ఏడేళ్లు తిరిగితే 5,600 గంటలు. గంటకి నాలుగున్నర రూపాయల లోపే. రోజుకి ఎనిమిది గంటలేస్తే 36 రూపాయలు, రెండు మూడు టీల ఖర్చు. అదే సొంత సేద్యానికి ఏడాదికి 150 గంటలే నడిచే బండి అయితే ఏడేళ్లకి 1,050 గంటలు, గంటకి దాదాపు 24 రూపాయలు. ఒకే ఫీచర్, ఒకే ధర. ఒకరికి చవక, ఇంకొకరికి ఖరీదు.

ఇంకో మాట. స్టీరింగ్ బరువుగా ఉన్నంత కాలం ట్రాక్టర్ నడపడం “బలమున్న మగాళ్ల పని”గానే మిగిలిపోతుంది. చక్రం తేలికైతే ఇంట్లో అరవై దాటిన నాన్న నడపగలడు, అమ్మ నేర్చుకోగలదు, అక్క నేర్చుకోగలదు. కుర్రాళ్లు బెంగళూరుకి ఉద్యోగాలకి పోయాక ఊళ్లో మిగిలేది వీళ్లే. మదనపల్లె, కుప్పం వైపు ఇళ్లకి ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

పవర్ స్టీరింగ్ చేయలేని పనులు

ఇక్కడ నిజాయితీగా ఉండాలి. ట్రాలీ నిండా టమాటా క్రేట్లు వేసుకుని మదనపల్లె మార్కెట్‌కి పోయే ట్రాక్టర్ విషయంలో పవర్ స్టీరింగ్ పెద్దగా చేసేదేమీ లేదు. రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత భాగం ట్రాక్టర్ వెనక కొక్కెం మీద పడుతుంది. వెనక బరువు పడితే ముందు తేలికవుతుంది. స్టీరింగ్ మెకానికల్ అయినా తేలిగ్గానే తిరుగుతుంది, కానీ నేల మీద పట్టు తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా తేలిపోతుంది. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ లాంటి రోడ్ల మీద బరువు బండికి కావాల్సింది చేతికి సాయం కాదు. ముందు బరువులు, రెండు బ్రేక్ పెడల్స్‌నీ కలిపే లాక్, ట్రాలీకి పని చేసే బ్రేకులు, వెనక రిఫ్లెక్టర్లు. ఇవి లేకుండా పవర్ స్టీరింగ్ పెట్టించుకుని “సేఫ్టీ కోసం” అని చెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

నిజానికి తేలికైన చక్రం వల్ల చిన్న నష్టం కూడా ఉంది. మెకానికల్‌లో ముందు చక్రం గాల్లో తేలుతుంటే చేతికి తెలుస్తుంది. హైడ్రాలిక్‌లో ఆ కబురు చేతిదాకా రాదు. కాబట్టి లోడు బండిని పవర్ స్టీరింగ్‌తో నడిపేవాళ్లు కళ్లని, వేగాన్ని ఇంకా జాగ్రత్తగా వాడాలి.

“రిపేర్ వస్తే?” అనేవాళ్లకి

ఇది న్యాయమైన ప్రశ్న. పవర్ స్టీరింగ్‌లో పంపు, గొట్టాలు, సీళ్లు, ఆయిల్, ఫిల్టర్ ఉంటాయి. సిలిండర్ రాడ్ మీద ఎండిన మట్టి గీతలు పెడితే సీలు లీకవుతుంది. ఆయిల్‌లో దుమ్ము పడితే ఆర్బిట్రాల్ లోపల గీతలు పడతాయి, చక్రం దానంతటదే నెమ్మదిగా జరగడం మొదలవుతుంది. సీజన్ మధ్యలో గొట్టం పగిలితే ఆ రోజు పని పోయినట్టే. పంపు తిరగడానికి ఇంజిన్ నుంచి కొంత శక్తి పోవడం కూడా నిజమే, కానీ చక్రం తిప్పనప్పుడు ఆయిల్ తక్కువ ఒత్తిడితో ఊరికే తిరుగుతుంది కాబట్టి డీజిల్ భయం అవసరానికి మించినది.

అలాగని మెకానికల్‌కి రిపేర్లు లేవా? కింగ్ పిన్ బుష్‌లు అరుగుతాయి, బాల్ జాయింట్లు లూజవుతాయి, చక్రంలో ఆట పెరుగుతుంది. తేడా ఒక్కటే. మెకానికల్ మెల్లగా చెడుతుంది, ఊరి మెకానిక్ బాగు చేస్తాడు. హైడ్రాలిక్ ఒక్కోసారి ఉన్నట్టుండి చెడుతుంది, తెలిసిన మెకానిక్, సరైన సీలు కావాలి. మీ ఊరికి దగ్గరలో ఆ రెండూ లేకపోతే ఈ పాయింట్‌కి ఎక్కువ మార్కులు వేసుకోండి.

ఇంకో చిన్న రహస్యం. “నా బండి స్టీరింగ్ చాలా టైట్” అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పవర్ స్టీరింగ్ లేకపోవడం కాదు. ముందు టైర్లలో గాలి తక్కువ, కింగ్ పిన్‌లో గ్రీజు ఎండిపోవడం, టో ఇన్ సరిగా లేకపోవడం. పాత బండికి రెట్రోఫిట్ కిట్ వేయించే ముందు ఈ మూడూ చూడండి. గ్రీజు గన్, గాలి మీటర్‌తో పోయే సమస్యకి వేలకి వేలు పోయక్కర్లేదు.

ఎవరికి అక్కర్లేదు?

పుంగనూరు ఆవుని చూశారా? ఎత్తు మూడడుగుల లోపే. మెట్ట నేలకి, తక్కువ మేతకి సరిపోయేలా ఉంటుంది. యంత్రం విషయంలో కూడా ఆ తెలివి పనికొస్తుంది, చోటుకి తగ్గట్టు సరిపోయేది చాలు. మూడు నాలుగెకరాల సొంత పొలం, 25 హెచ్‌పీ లోపు టూ వీల్ డ్రైవ్, ఏడాదికి నూటయాభై గంటల పని, నడిపేది మీరే అయితే మెకానికల్ చాలు. ముందు ఇరుసు తేలిక, టైర్లు సన్నం, చేతికి భారం తక్కువ. ఆ మిగిలిన డబ్బు మంచి సీటుకి పెట్టండి, ఎందుకంటే నడుము నొప్పి ముందు వస్తుంది. ఎండకి పందిరి వేయించండి. మంచి ముందు టైర్లు వేయించండి.

అయితే ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్లలో మీకు ఎంచుకునే అవకాశం తగ్గిపోతోంది, అది మంచికే. మహీంద్రా 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో ఓజా సిరీస్ విడుదల చేసింది. మన తెలంగాణలోని జహీరాబాద్ ప్లాంట్‌లో తయారయ్యే ఈ 20 నుంచి 40 హెచ్‌పీ బండ్లన్నీ ఫోర్ వీల్ డ్రైవ్, పవర్ స్టీరింగ్‌తోనే వచ్చాయి. విడుదలప్పుడు ఓజా 2127 ధర పుణె ఎక్స్ షోరూం 5,64,500 రూపాయలు, ఓజా 3140 ధర 7,35,000. చిన్న బండికి పవర్ స్టీరింగ్ దండగ అనుకునే రోజులు పోతున్నాయనడానికి ఇది గుర్తు. మరోవైపు 45, 50 హెచ్‌పీ తరగతిలో మహీంద్రా 575 డీఐ, స్వరాజ్ 855 ఎఫ్‌ఈ లాంటి పేరున్న బండ్లలో మెకానికల్, పవర్ రెండూ ఆప్షన్లుగా ఉంటూ వచ్చాయి. అంటే బాడుగకి ఎక్కువగా తిరిగే తరగతిలోనే ఈ నిర్ణయం యజమాని చేతిలో ఉంది.

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక బోనస్ పాయింట్

ఇది మనలాంటివాళ్లకి. జీపీఎస్ ఆటో స్టీర్ గురించి వినే ఉంటారు. ఆర్‌టీకే సిగ్నల్‌తో రెండు మూడు సెంటీమీటర్ల కచ్చితత్వంతో ట్రాక్టర్ దానంతటదే గీత మీద పోతుంది. విడిగా దొరికే కిట్లలో స్టీరింగ్ చక్రం స్థానంలో మోటార్ ఉన్న చక్రం బిగిస్తారు. ఆ మోటార్‌కి తేలిగ్గా తిరిగే స్టీరింగ్ కావాలి, అందుకే సాధారణంగా ఈ కిట్లు హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండ్ల కోసమే. ఫోన్ భాషలో చెప్పాలంటే పవర్ స్టీరింగ్ ఒక టైప్ సీ పోర్ట్ లాంటిది. ఈ రోజు దానికి ఏమీ తగిలించకపోవచ్చు, కానీ పోర్టే లేకపోతే రేపు తగిలించలేరు.

అయితే ఈ ఒక్క కారణంతో కొనకండి. పాతిక సెంట్ల మళ్లలో ఆటో స్టీర్ గీత పట్టుకునే లోపే గెనిమ వచ్చేస్తుంది. ఎకరాల పొడవునా బోదెలు తోలే టమాటా రైతుకి, బాడుగకి మల్చింగ్ వేసే బండికి మాత్రం ముందు ముందు లెక్క మారొచ్చు.

షోరూంలో ఏం చూడాలి?

ఒకటి, డ్రైవర్‌ని వెంట తీసుకెళ్లండి. బండి నడిపేవాడి మాట మీ మాట కంటే విలువైనది.

రెండు, సిమెంట్ నేల మీద కాదు, దున్నిన చేలో టెస్ట్ అడగండి. వెనక రోటావేటర్, ముందు బరువులు ఉండాలి. పది మలుపులు వరసగా తిప్పి చూడండి.

మూడు, ఇంజిన్ ఆపి చక్రం తిప్పి చూడండి. ఎంత బరువవుతుందో తెలిస్తే ఘాట్‌లో ఇంజిన్ ఆపే ఆలోచన రాదు.

నాలుగు, మెకానికల్ మోడల్ ధర, పవర్ మోడల్ ధర రెండూ కాగితం మీద రాయించుకోండి. నోటి మాటలో ఆ తేడా రోజుకోలా మారుతుంది. ఆ తేడాని మీ ఏడాది గంటలతో భాగించండి.

ఐదు, స్టీరింగ్ ఆయిల్ ఎన్ని గంటలకి మార్చాలి, సీల్ కిట్ దగ్గరలో దొరుకుతుందా, వారంటీలో పంపు, ఆర్బిట్రాల్ ఉన్నాయా అని అడగండి.

చివరి మాట

సొంతానికి, చిన్న టూ వీల్ డ్రైవ్, ఏడాదికి రెండు వందల గంటల లోపు: మెకానికల్ తీసుకోండి, గ్రీజు మర్చిపోకండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఏదైనా: పవర్ స్టీరింగ్ లేకుండా చూడొద్దు. బాడుగ బండి ఏదైనా, ముఖ్యంగా చిన్న చిన్న మళ్లలో తిరిగేది: బేరంలో ఇంకేది వదులుకున్నా ఇది వదులుకోవద్దు. ట్రాలీ పనికి మాత్రమే: ముందు బ్రేకులు, బరువులు, రిఫ్లెక్టర్లు, తర్వాతే స్టీరింగ్.

మన సైట్ చదివే చాలామంది ఇళ్లలో ట్రాక్టర్ కొనే రోజు “నువ్వు ఫోన్లలో అన్నీ చూస్తావు కదా, ఇది కూడా చూసి చెప్పు” అని అడుగుతారు. అప్పుడు హెచ్‌పీ లైన్ దగ్గర ఆగిపోకండి. మూడో పేజీలో ఆ స్టీరింగ్ లైన్ దాకా వెళ్లండి, నాన్నని మాత్రమే కాదు, బండి నడిపే అన్నని కూడా ఒక మాట అడగండి. గంటకి నాలుగున్నర రూపాయలకి ఆయన భుజం మిగులుతుందంటే, మన ఊరి లెక్కల్లో అంతకంటే చవకైన అప్‌గ్రేడ్ నాకైతే కనిపించలేదు.